మడత చెంచా

“వెళ్ళిపొమ్మని నోటితో చెప్పొచ్చుగా. దానికి కార్డెందుకు?”

“అక్కా, లోపల ఏముందో చూశావా అసలు?”

“చూడ్డమెందుకు? ఇన్నేళ్ళు మడతలు పెట్టిన చేతులివి. ఆ మాట ఎవరికిస్తారో నాకు తెలీదా? బ్యాంకు గుమాస్తా పోతుంటే ఇచ్చారు. ఆస్పత్రి ఆయా పోతుంటే ఇచ్చారు. ఇప్పుడు నా వంతొచ్చింది. బాగుంది, చక్కగా కోశావు.”

“నిన్ను పొమ్మని నేనెప్పుడన్నాను?”

“నువ్వనలేదు. నీ బ్లేడు అంది.”

నేను గుమ్మం బయట, భుజం మీద రంగు కాగితాల కట్టతో నిలబడి ఉన్నాను. ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. పోట్లాట సగంలో ఉండగా లోపలికి వెళ్ళకూడదని మర్యాదస్తులు ఆగుతారు. నేను ఆగింది ఊపిరి అందక. అందాక కూడా వెళ్ళలేదు, అది వేరే సంగతి.

లోపల పోట్లాడుకుంటున్న ఇద్దరూ తోడికోడళ్ళు. అన్నగారి భార్య పెద్దావిడ, తమ్ముడి భార్య చిన్నావిడ. ఆ మెట్లమీద ఉండేవాళ్ళందరూ అలాగే పిలుస్తారు. నేను పెద్దమ్మ అనీ, పిన్ని అనీ పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు. స్టేషనరీ దుకాణం నుంచి వాళ్ళకి కాగితం మోసుకొచ్చి, తయారైన కార్డులు తిరిగి మోసుకెళ్ళడం నా పని. చదువు మధ్యలో వదిలేశానని తెలిసిన రోజు నుంచి పెద్దమ్మ నన్ను “కాలేజీ” అంటుంది. “వదిలేశావు సరే, పేరైనా మిగలనీ” అంది. మా ఇంట్లో నన్ను పిలిచే పేర్లకన్నా అది నయం.

రాస్తున్నది పిన్ని గురించి. కానీ పెద్దమ్మని తీసేసి పిన్ని గురించి రాయడం కుదరదు. ఆ సంగతి పిన్నికే ఆ వారంలో తెలిసొచ్చింది.

పిన్ని చేసేవి ధన్యవాదాల కార్డులు. అచ్చు వేసినవి కావు, రంగులు పూసినవీ కావు. మందపాటి రంగు కాగితంలో బొమ్మనీ అక్షరాలనీ బ్లేడుతో కోసి, వెనక ఇంకో రంగు కాగితం అతికిస్తుంది. కోసిన సందుల్లోంచి వెనక రంగు కనబడుతుంది. చెప్పడానికి అంతే. నేనొకసారి ‘ధ’ కోయబోయాను. చుట్టూ కోసేసరికి లోపలి ముక్క ఊడి నా ఒళ్ళో పడింది. అక్షరం ఉండాల్సిన చోట కన్నం మిగిలింది.

“లోపలి ముక్కకి కాడ ఉంచాలిరా. కాడ లేని కాయ చెట్టున నిలుస్తుందా?” అంది పిన్ని.

“వాడే ఏ చెట్టునా నిలవలేదు. వాడికి కాడల సంగతి చెప్తావేంటి?” అంది పెద్దమ్మ, మడత మీంచి తలెత్తకుండానే.

కాగితం ముందువైపు పెన్సిలు గీత కనబడకూడదు కాబట్టి పిన్ని ఎప్పుడూ వెనక నుంచి గీసి, వెనక నుంచే కోస్తుంది. అంటే అక్షరాలన్నీ తిరగేసి రాయాలి, అద్దంలో కనబడినట్టు. ఆ విద్య ఆవిడకి స్టూడియోలో అబ్బింది. ఒకప్పుడు ఆ అన్నదమ్ములిద్దరికీ కింద వీధిలో ఫోటో స్టూడియో ఉండేది. అన్నగారు కెమెరా దగ్గర, తమ్ముడు, అంటే మా బాబాయి, చీకటి గదిలో. పెళ్ళై వచ్చిన కొత్తలోనే పిన్నికి మౌంట్లు కోసే పని అప్పగించారు. ఫోటో కూర్చోబెట్టే అట్టలో కిటికీలాంటి చదరం కోయడం. పెద్దమ్మ ఫోటోలు పెట్టే కవర్లు మడిచేది. నెగెటివ్‌లో అంతా తిరగేసి ఉంటుంది, కుడి ఎడమవుతుంది, తెలుపు నలుపవుతుంది. “కొత్తకోడలికి అత్తారిల్లంతా అలాగే ఉంటుంది, నాకు అలవాటు పడ్డం కష్టం కాలేదు” అంటుంది పిన్ని.

మొదట్లో ఆవిడ చేతిలో మౌంట్లు తెగ పాడయ్యేవట. మూల దగ్గర బ్లేడు ఆగక ముందుకి జారిపోయేది. బావగారికి కోపం ఎక్కువ, అట్ట వృథా అయితే ఊరుకునేవాడు కాదు. పెద్దమ్మ ఏమీ అనకుండా ఆ పాడైన అట్ట లాగేసుకుని, నాలుగు మడతలు పెట్టి, గమ్ము రాసి కవరు చేసి పడేసేది. లెక్కకి ఒక కవరు ఎక్కువుండేది, ఒక మౌంటు తక్కువుండేది. బావగారు ఎప్పుడూ కనిపెట్టలేదు. పెద్దమ్మ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పిన్ని ఎప్పుడూ ఏమీ అనలేదు. ఇంట్లో వాళ్ళకి థాంక్సేంటి? ఆ మాట అంటే పరాయిదాన్ని చేసినట్టే.

తర్వాత బావగారు పోయారు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, స్టూడియో మూసేశారు. బాబాయి ఒక జిరాక్సు దుకాణంలో కుదిరాడు. స్టూడియోలోని పొడుగు బల్లనీ, మిగిలిన మౌంటు అట్టల కట్టల్నీ మూడో అంతస్తుకి ఎక్కించారు. బల్ల మెట్ల మలుపులో ఇరుక్కుంటే కాళ్ళు కోసి ఎక్కించారట. అందుకే అది మామూలు బల్లకన్నా పొట్టిగా ఉంటుంది, కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. కిటికీ వైపు పిన్ని, ఎదురుగా పెద్దమ్మ. పెద్దమ్మ వెనక వంటింటి కర్టెను. పిన్ని చేతిలో మందుల దుకాణంలో దొరికే ఆపరేషన్ బ్లేడు, పిడికి గుడ్డపేలిక చుట్టి. పెద్దమ్మ చేతిలో ఒక స్టీలు చెంచా.

ఆ చెంచా గురించి చెప్పాలి. కాగితం మడిచాక దాని వీపుతో మడత మీద గట్టిగా రాస్తే గీత కత్తిలా తేలుతుంది. ఏళ్ళ తరబడి రాసి రాసి దాని వీపు ఒకవైపు అరిగి అద్దంలా అయింది. అది ఎప్పుడూ బల్లమీదే ఉంటుంది, వంటింట్లోకి వెళ్ళదు. ఒకసారి బాబాయి మరిచిపోయి దాంతో పంచదార కలుపుకున్నాడు. ఆ పూటంతా ఆ ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా కూర్చోలేదు.

మొదటి కార్డు కథ పిన్ని నాకు చాలాసార్లు చెప్పింది. వీధి చివరి బడి టీచర్లు పెద్ద టీచరమ్మ రిటైరవుతోందని గ్రూప్ ఫోటోకి ఫ్రేము అడగడానికి వచ్చారు. స్టూడియో అప్పటికే మూసేశారు. ఖాళీ చేతులతో పంపడం ఇష్టంలేక పిన్ని మిగిలిన అట్టల్లో బడి గేటు కోసింది. తెరిస్తే తెరుచుకునే గేటు. లోపల ‘ధన్యవాదాలు’. కింద టీచర్లందరి సంతకాలు. పెద్ద టీచరమ్మ దాన్ని చూసి మురిసిపోయి, పెన్ను తీసి, అందరి ముందూ ‘ద’ కింద గీత పెట్టిందట. పిన్ని కోసింది ‘దన్యవాదాలు’. అన్నీ తిరగేసి రాసే హడావుడిలో చిన్న గీత ఎగిరిపోయింది.

ఆ రోజు నుంచి గీతల కాపలా పెద్దమ్మది. కోసిన కాగితం చేతికి రాగానే వెలుతురుకి పట్టుకుని ఒక్కో అక్షరమూ చూస్తుంది. ఒత్తు ఉందా, గీత ఉందా, చుక్క ఉందా. చూడనిదే మడత పెట్టదు. చదువు పెద్దగా లేదు, కానీ ఆవిడ కన్ను దాటి ఒక్క గీత కూడా పోలేదని పిన్నే చెప్తుంది.

బడి తర్వాత ఆస్పత్రి, ఆస్పత్రి తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మా దుకాణం. ఆర్డర్లన్నీ ఒకలాంటివే, ఎవరో రిటైరవుతున్నారు, లేకపోతే బదిలీ మీద వెళ్తున్నారు. కొత్తగా చేరినవాడికి ధన్యవాదాలు ఎవరూ చెప్పరు కదా. వెళ్ళే మనిషి పనిముట్టు బొమ్మ కార్డు మీద ఉండాలని పిన్ని పెట్టుకున్న పద్ధతి. గుమాస్తాకి కలం. డ్రైవరుకి స్టీరింగు. నర్సమ్మకి థర్మామీటరు. ఒక లెక్కల మాస్టారుకి కోణమానిని కోసేసరికి ఆవిడకి కళ్ళు తిరిగాయి.

“మన బేరమంతా పోయేవాళ్ళతోనే” అనేది పెద్దమ్మ.

“నెమ్మదిగా అను వదినా. కింద వాళ్ళు వింటే శవపేటికలు చేస్తున్నామనుకుంటారు” అనేవాడు బాబాయి.

ఇప్పుడు ఆ పోట్లాట ఎందుకొచ్చిందో చెప్తాను.

కొన్నాళ్ళుగా పెద్దమ్మ చెయ్యి వణుకుతోంది. కుడి చెయ్యి. గ్లాసు పట్టుకుంటే తెలియదు, చెంచా పట్టుకుంటే తెలుస్తుంది. మడత మొదట్లో సరిగ్గా ఉండి చివరికొచ్చేసరికి పక్కకి పోతుంది. పెద్దమ్మ దాన్ని విప్పి మళ్ళీ రాస్తుంది, మళ్ళీ విప్పుతుంది. ఒక్కమాట అనదు. పిన్ని కూడా ఒక్కమాట అనదు. పెద్దమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు గబగబా వంకర మడతలు తీసి సరిచేసి, దొంతర కింద పెట్టేస్తుంది. ఒకప్పుడు పాడైన మౌంట్లు కవర్లైనట్టే. పెద్దమ్మకి అది తెలుసని నా అనుమానం. ఆవిడ కనిపెట్టలేనిదంటూ ఆ బల్లమీద ఏమీ ఉండేది కాదు.

ఒక రోజు పిన్ని మెట్లదాకా నా వెనకే వచ్చి, దుకాణంలో మడత మిషను దొరుకుతుందేమో అడగమంది. అడిగాను. మర్నాడు కాగితం దించుతూ, “పిన్నీ, నువ్వడిగిన మడత మిషను వచ్చే వారం వస్తుందట” అన్నాను. పెద్దమ్మ ఎదురుగానే ఉంది. అది దాచే మాట అని నాకెవరూ చెప్పలేదు. పెద్దమ్మ చెంచా ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

అదే రోజు సాయంత్రం పిన్ని పెద్దమ్మకి కార్డు ఇచ్చింది. ముదురాకుపచ్చ కాగితం, వెనక లేత పసుపు. మీద చెంచా బొమ్మ. లోపల ధన్యవాదాలు. బొమ్మలో చెంచా అరిగిన వైపు కూడా సరిగ్గా కోసిందట. ఇదంతా ఆవిడ చాలా రోజులుగా రహస్యంగా చేస్తోంది, మిషను సంగతికి ముందు నుంచే. అది పెద్దమ్మకి ఎలా తెలుస్తుంది? కలం ఇచ్చి గుమాస్తాని పంపారు, స్టీరింగు ఇచ్చి డ్రైవరుని పంపారు. ఈవిడ చేతిలో చెంచా పెట్టారు, ఆ పక్కన మిషను వస్తోంది. ఇంకో ఇంట్లో అయితే అలాంటి కార్డు చూసి ముచ్చటపడేవాళ్ళు. ఆ ఇంట్లో దానికి ఒకటే అర్థం.

మర్నాడు పొద్దున నేను గుమ్మం బయట విన్నది ఆ పోట్లాటే. చివరికి నేను లోపలికి వెళ్ళేసరికి పెద్దమ్మ బల్లమీంచి చెంచా తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. పంపు తిప్పిన చప్పుడు వినిపించింది. చెంచా కడిగి, తక్కిన చెంచాల గూట్లో పడేసింది. టంగుమంది.

నేను కట్ట దించి, అలవాటుగా “థాంక్సండీ” అన్నాను. మా దుకాణం ఆయన రూలు అది. సరుకు ఇచ్చినా, తీసుకున్నా ఆ మాట అనాల్సిందే.

“ఆ ముక్క చెప్పుల దగ్గర విడిచి లోపలికి రమ్మని నీకెన్నిసార్లు చెప్పాలి?” అంది పెద్దమ్మ కర్టెను వెనక నుంచి.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఇల్లేమో రెండు గదులు. పెద్దమ్మ తన బట్టల సంచి సర్ది వంటింటి గోడకి ఆనించింది. పక్క ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్ళమని చెప్పమని బాబాయికి పురమాయించింది. ఆవిడకి సొంత ఫోను లేదు. బాబాయి “అలాగే వదినా” అన్నాడు, చేయలేదు. ఆవిడ మళ్ళీ అడిగింది, ఈయన మళ్ళీ అలాగే అన్నాడు.

మెట్లమీద కనబడి నాతో మొర పెట్టుకున్నాడు. “చేస్తే మీ పిన్ని చంపుతుంది, చేయకపోతే మా వదిన. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని.”

వంట మాత్రం పెద్దమ్మ మానలేదు. పోట్లాట పోట్లాటే, పొయ్యి పొయ్యే. నేను వెళ్ళినప్పుడల్లా మాటలు నా మీదుగా నడిచేవి.

“కాలేజీ, మీ పిన్నితో చెప్పు, కూర చల్లారిపోతోందని.”

పిన్ని మూడడుగుల దూరంలో ఉంది. “నాకు ఆకలిగా లేదని చెప్పరా.”

“ఆకలి లేకపోతే బ్లేడు వేలికి తగులుతుందని చెప్పు.”

“ఎవరి వేలి గురించి ఎవరికంత బాధో అడుగు.”

“నేను వెళ్ళిపోతాను” అన్నాను నేను.

“కూర్చో” అన్నారు ఇద్దరూ.

ఆ వారం ఆస్పత్రి నుంచి ఆర్డరొచ్చింది. అంబులెన్సు డ్రైవరు రిటైరవుతున్నాడు. నర్సులందరూ కలిసి ఇచ్చే పెద్ద కార్డు. పిన్ని అంబులెన్సు కోసింది, వెనక తలుపులు రెండూ తెరుచుకునేలా. తెరిస్తే లోపల అక్షరాలు. కోత బాగా వచ్చింది. మడతలు పిన్నే పెట్టుకుంది, దువ్వెన వీపుతో రాసి. తలుపు తెరిచేసరికి మడత పొడుగునా రంగు పేలి తెల్లటి చార తేలింది. ఇంకోటి కోసింది. అదీ పేలింది.

కాగితానికి వాలు ఉంటుందట. వాలుకి మడిస్తే వంగుతుంది, ఎదురుగా మడిస్తే పేలుతుంది. పెద్దమ్మ కాగితాన్ని అంచు దగ్గర రెండు వేళ్ళతో ఎత్తి, ఎటు వాలిపోతోందో చూసి, మూల మీద గోరుతో చిన్న గుర్తు పెట్టి పిన్నికి ఇచ్చేది. పిన్నికి ఆ సంగతి తెలుసు. కానీ ఆ గుర్తు చూసి కోయడమే తప్ప తానెప్పుడూ కాగితం ఎత్తి చూడలేదు. ఇప్పుడు ఎత్తి చూస్తే అది ఎటూ వాలనట్టే ఉంది.

“మిషను వస్తే సరిపోతుందిగా” అన్నాను.

“మిషనుకి మాత్రం వాలు ఎవరు చెప్తారు?” అంది పిన్ని. పేలిన అంబులెన్సుని బల్ల అవతలికి, పెద్దమ్మ కుర్చీ వైపుకి తోసింది. అక్కడెవరూ లేరు.

నాకు లోపల ఏదైనా పెట్టుకోవడం చేతకాదు. అడిగేశాను. “నిజం చెప్పు పిన్నీ. ఆవిడ్ని తీసేద్దామనే అనుకున్నావా?”

కర్టెను అవతల గిన్నెల చప్పుడు ఆగింది. పిన్నికి అది వినబడిందో లేదో నాకు తెలియదు. పాత బ్లేడు ఊడదీసి డబ్బాలో వేసింది, కొత్తది ఎక్కించింది. గుడ్డపేలిక బిగించింది.

“అనుకున్నాను” అంది. “అబద్ధమెందుకు? ఆవిడ ఒక మడత నాలుగుసార్లు విప్పుతుంటే చూళ్ళేక, మిషను ఉంటే బాగుండనుకున్నాను. మిషనుంటే ఆవిడకి పనుండదని కూడా అనుకున్నాను. అది ఒక మనసు. రాత్రిపూట కార్డు కోసింది ఇంకో మనసు. మౌంట్లు పాడుచేసిన రోజుల నుంచి నా గొంతులో ఒక మాట ఉండిపోయింది. నోటితో అంటే తిడుతుంది. చేత్తో అందామనుకున్నాను. రెండు మనసులూ ఒకే రోజు ఆవిడ కంటబడ్డాయి.”

“మరి ఆ ముక్క ఆవిడతో చెప్పు.”

“ఏమని? సగం పొమ్మన్నాను, సగం పోవద్దన్నానని చెప్పమంటావా?”

“అవును. ఉన్నదదేగా.”

“అందుకే నిన్ను కాలేజీలో ఉంచుకోలేదు” అంది పిన్ని. కర్టెను అవతల గిన్నెలు మళ్ళీ కదిలాయి.

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి బాబాయి ఇంట్లోనే ఉన్నాడు, జిరాక్సు దుకాణానికి సెలవు. పెద్దమ్మ కర్టెను కొంచెం తప్పించి నన్ను వేలితో పిలిచింది. సంచి ఇంకా గోడకి ఆనించే ఉంది. నా చేతిలో మడిచిన కాగితం ఒకటి పెట్టింది. వాళ్ళు పారేసే తుక్కులోని ఎర్ర కాగితం.

“మీ పిన్నికియ్యి” అంది. “ఏంటని నన్నడక్కు.”

బల్ల దగ్గరికి తెచ్చి ఇచ్చాను. పిన్ని విప్పింది. లోపల ఏవో అక్షరాలు కోసి ఉన్నాయి. అంచులన్నీ రంపంతో కోసినట్టు పళ్ళు పళ్ళుగా. ఒకచోట బ్లేడు జారి గీత చాలా దూరం పోయింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దమ్మ ఇన్నేళ్ళలో ఎప్పుడూ బ్లేడు పట్టలేదు. వెనక నుంచి కోయాలని తెలుసు, కానీ తిరగేసి రాయాలన్నది తట్టలేదు. పలక మీద రాసినట్టు తిన్నగా రాసి కోసేసింది. ముందు నుంచి చూస్తే అంతా కుడి ఎడమై గందరగోళంగా ఉంది.

పిన్ని కాగితాన్ని తిప్పి వెనక నుంచి కిటికీ వెలుతురుకి పట్టుకుంది. రెండే అక్షరాలు.

పోను.

బాబాయి ఆవిడ భుజం మీంచి తొంగి చూశాడు. ఆయన మొహం వాడిపోయింది. “అయిపోయింది” అన్నాడు గొంతు తగ్గించి. “ఫోను. తమ్ముడికి ఫోను చేయలేదేమని. నోటితో అడిగి అడిగి విసుగొచ్చి ఇలా అడుగుతోంది. ఇక చేయక తప్పదే.” జేబులోంచి ఫోన్ తీశాడు.

నాకూ అలాగే అనిపించింది. ‘ఫో’ అని రాయబోయి కింద గీత వదిలేసి ఉంటుంది. చెయ్యి వణికే మనిషి, మొదటిసారి బ్లేడు పట్టిన మనిషి. పిన్నంతటి పిన్నే మొదటి కార్డులో ‘ధ’ గీత మింగేసింది. గీత ఉంటే ఆవిడ వెళ్ళిపోతున్నట్టు. గీత లేకపోతే వెళ్ళనన్నట్టు. అడిగి తెలుసుకుందామంటే కర్టెను అవతల మనిషి మాట్లాడదు, ఇవతల మనిషి అడగదు.

బాబాయి బొటనవేలు తమ్ముడి నంబరు వెతుకుతోంది.

“ఆగండి” అంది పిన్ని.

కాగితాన్ని ఇంకా వెలుతురుకే పట్టుకుని ఉంది. పెద్దమ్మ పట్టుకున్నట్టే, రెండు మూలలూ పట్టుకుని, చేతులు చాపి. ఒక్కో అక్షరాన్నీ చూసింది. ‘ప’ కింద చూసింది. అక్కడ కాగితం నున్నగా ఉంది. పెన్సిలు గీత కూడా లేదు.

“గీత మర్చిపోయిందేమోనే” అన్నాడు బాబాయి.

“మీరు మర్చిపోతారు. నేను మర్చిపోతాను. టీచరమ్మ నా ‘ధ’కి గీత పెట్టిన రోజు నుంచి ఈ ఇంట్లోంచి గీత తప్పిన అక్షరం ఒక్కటి బయటికెళ్ళిందా?” అంది పిన్ని. “గీతలు చూడనిదే ఆవిడ మడత పెట్టదు. ఇది మడిచి పంపింది.”

ఫోను జేబులోకి పోయింది.

పిన్ని కాగితాన్ని మూసింది. అప్పుడు చూశాను నేను కూడా. అక్షరాలు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నాయో మడత అంత తిన్నగా ఉంది. ఎర్ర కాగితం ఎక్కడా పేలలేదు. మూల దగ్గర గోటి గుర్తు ఉంది. మడత అంచు మెరుస్తోంది, చాలాసార్లు రాస్తే వచ్చే మెరుపు. ఎన్నిసార్లు విప్పి మళ్ళీ పెట్టిందో తెలియదు. దువ్వెనతో అలా రాదు.

“చెంచా వాడింది” అంది పిన్ని, తనలో తాను అనుకున్నట్టు. కాసేపు ఆ మడత మీద బొటనవేలు అటూ ఇటూ నడిపింది. తర్వాత పేలిన అంబులెన్సుల్ని తుక్కుబుట్టలో వేసి, కొత్త కాగితం ఒకటి తీసి, కోయకుండా, పెద్దమ్మ కుర్చీ ముందు పరిచింది. గుర్తు లేని కాగితం.

కర్టెను కదల్లేదు. వంటింట్లో చప్పుడు లేదు.

“నువ్వెళ్ళి పిలవచ్చుగా” అన్నాను పిన్నితో.

“నేను వెళ్తే ఆ మాటే వచ్చేస్తుంది నోట్లోంచి. వచ్చిందంటే మళ్ళీ మొదటికొస్తుంది” అంది. నా చేతిలో ఉన్న కార్డుల సంచి తీసి పక్కన పెట్టింది.

“నువ్వెళ్ళరా కాలేజీ. గూట్లో ఆ చెంచా ఉంటుంది, నువ్వు తియ్యకు, ఆవిడ్నే అడుగు. ఇస్తే పట్టుకురా. థాంక్స్ మాత్రం అనకు.”